‘లేదు’ వెనక మూడు గళ్ళు

2023 నవంబరు. దివిసీమలో ఒక మండలానికి నేను ఎం.ఐ.ఎస్. కోఆర్డినేటర్‌ని. పేరు పెద్దదే గానీ పని చిన్నది. మండలంలోని ప్రభుత్వ బడుల వివరాలు, అంటే గదులెన్ని, పిల్లలెందరు, కుళాయిలెన్ని, వాటిలో నీళ్ళొచ్చేవెన్ని, ఇవన్నీ ఏడాదికోసారి ఢిల్లీ వాళ్ళ పోర్టల్‌లోకి ఎక్కించాలి. పోర్టల్ అంటే ఇంటర్నెట్‌లో ఉండే పెద్ద రిజిస్టరు. మామూలు రిజిస్టరు మనం ఏం రాసినా ఊరుకుంటుంది, పోర్టల్ ఊరుకోదు, ఎదురు ప్రశ్న వేస్తుంది. నేను గుడివాడలో స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ చదువుతో నిజంగా పనిపడిన రోజు ఒక్కటే. ఆ రోజు కూడా నా లెక్కను అయిదో తరగతి అమ్మాయి దిద్దింది.

చదువు మన రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది. ఢిల్లీకీ హక్కుంది, రాష్ట్రానికీ హక్కుంది. ఉమ్మడి అనగానే నాకు మా వీధి బావి గుర్తొస్తుంది. తోడుకునేవాళ్ళు అందరూ ఉన్నారు, పూడిక తీయించేవాళ్ళ గురించే ఎప్పుడూ చర్చ. బడి విషయంలో ఢిల్లీ ఎంతవరకు రావచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది పెద్ద పెద్దవాళ్ళు తేల్చాల్సిన ప్రశ్న. మా ఆఫీసులో మాత్రం దాన్ని రోజూ టీ తాగేటప్పుడు తేల్చేసేవాళ్ళం. మా ఎం.ఈ.ఓ., అంటే మండల విద్యాధికారి గారి అభిప్రాయం ప్రకారం ఢిల్లీ అసలు రాకూడదు. “ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఫారం తయారుచేసేవాడికి మన దివిసీమ గురించి ఏం తెలుసయ్యా ప్రసాదూ,” అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. తల ఊపడం కూడా నా జాబ్ చార్టులో ఉన్నట్టే లెక్క.

ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. బడికి అన్ని కాలాల్లోనూ వెళ్ళగలిగే రోడ్డు ఉందా అని. ‘ఉంది’, ‘లేదు’ అని రెండు జవాబులు. ‘ఉంది’ నొక్కితే మర్యాదగా తర్వాతి పేజీకి తీసుకెళ్తుంది. ‘లేదు’ నొక్కితే కింద ఏవో మూడు గళ్ళు ఎర్ర చుక్కలతో తెరుచుకుంటాయి. అవి నింపేదాకా పేజీ కదలదు. దీన్ని మా భాషలో వ్యాలిడేషన్ అంటారు, అంటే ఇచ్చిన జవాబు సరైనదో కాదో యంత్రం నిలదీసి చూసుకోవడం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఆఖరి తేదీకి ముందురోజు, నెట్‌వర్కు వచ్చిపోతున్న గంటలో, లంక బడి దగ్గర నేను ‘లేదు’ నొక్కాను. ఎర్ర చుక్కలు కనిపించాయి. వెనక్కి వచ్చి ‘ఉంది’ నొక్కాను. పేజీ కదిలింది.

మరుసటి ఏడాది నుంచి పోర్టలే పాత జవాబును తెచ్చి చూపించేది, నేను సరే అనేవాణ్ణి. అంటే అబద్ధం నేను ఒక్కసారే ఆడాను. తర్వాత ఆరేళ్ళూ పోర్టల్ నా తరఫున ఆడింది.

ఆ లంకకు ఒక పేరుంది గానీ ఇక్కడ లంక అనే అనుకుందాం. కృష్ణ సముద్రంలో కలిసే ముందు చీలిన ఒక పాయ మధ్యలో ఉంటుంది. చేపల వేట మీద బతికే ఇళ్ళు కొన్ని, ఒక చిన్న చర్చి, ఒక రామమందిరం, ఒక బడి. ఒకే గది, ఒక వరండా, అయిదు తరగతులు, పద్నాలుగురు పిల్లలు, ఒక్క టీచరు. ఆవిడ పేరు దయామణి. ఇవతలి ఒడ్డు నుంచి రోజూ పడవెక్కి వెళ్ళి చెప్పి వస్తారు.

ఆ నవంబరులో మచిలీపట్నం జిల్లా ఆఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది. పిల్లలు తక్కువగా ఉండి, కిలోమీటరు లోపల ఇంకో బడి ఉన్న బడులను పక్క బడిలో కలిపేసే జాబితా. అందులో మూడోది లంక బడి. ఒడ్డు మీది బడికి దూరం ఎనిమిది వందల మీటర్లు, రోడ్డు ఉంది. ఎనిమిది వందల మీటర్లు అన్నది అక్షాంశ రేఖాంశాలను బట్టి కంప్యూటరు గీసుకున్న గీత. రోడ్డు ఉంది అన్నది నేను. జాబితాను తప్పుపట్టలేం. నేనిచ్చిన లెక్కకు ఎవరు చేసినా ఆ జవాబే వస్తుంది.

రెండోరోజే దయామణి టీచరు మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో గొడుగు, చెప్పుల అంచున ఎండిన బురద.

“ప్రసాదు గారూ, మా లంకకి రోడ్డు పడిందటగా.”

“ఎవరన్నారండీ?”

“మీ కంప్యూటరు. పదమూడేళ్ళ నుంచి పడవెక్కుతున్నాను. రోడ్డు ఎటువైపు పడిందో చెప్తే రేపట్నుంచి నడిచొస్తాను.”

నవ్వు రాలేదు నాకు. ఆవిడకూ రాలేదు. “పిల్లల్ని ఇవతలికి పంపమంటున్నారండీ,” అన్నారావిడ. “ఒకటో తరగతి పిల్ల, ఆరేళ్ళది, పొద్దున్నే పాయ దాటి, సాయంత్రం మళ్ళీ పాయ దాటాలి. నేనంటే పెద్దదాన్ని, మునిగినా జీతం ఆగుతుందంతే. వాళ్ళమ్మలు పంపరండీ. బడి ఇవతలికి వస్తే ఆ పద్నాలుగురూ అక్కడే వలలు బాగుచేసుకుంటూ ఉండిపోతారు.”

అప్పుడు నేనొక మాట అన్నాను. దాన్ని అప్పటికి నిజమనే నమ్మాను. “ఢిల్లీ ఫారంలో పడవకి కాలమ్ లేదండీ టీచరు గారూ. మనం ఏం చేస్తాం?”

“ఒక కాలమ్ పెట్టలేకపోయారా,” అని నిట్టూర్చి, అర్జీ ఇచ్చి వెళ్ళిపోయారు.

డేటా ఫ్రీజ్‌కు, అంటే ఇక ఎవరూ మార్చలేకుండా లెక్కలను గడ్డకట్టించే తేదీకి, అప్పటికి పది రోజులుంది. ఆ లోపల ఢిల్లీ నుంచి ఫిజికల్ వెరిఫికేషన్‌కు, అంటే రాసింది నిజమో కాదో కళ్ళతో చూసి పోవడానికి, ఒక అధికారి వస్తున్నారని కబురొచ్చింది. జిల్లాలో కొన్ని బడులను కంప్యూటరు చీటీ తీసినట్టు ఎంచుతుంది. ఎంచిన వాటిలో లంక బడి ఉంది. నేను చదివిన స్టాటిస్టిక్స్ ప్రకారం అలా తగలడం చాలా అరుదు. దయామణి టీచరు లెక్క ప్రకారం గట్టిగా ప్రార్థన చేస్తే తగలడం మామూలే.

వచ్చినావిడ పేరు కావేరి. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఉద్యోగం ఢిల్లీలో, పుట్టిల్లు కర్నూలు. తెలుగు శుభ్రంగా వచ్చు. దాంతో మా ఎం.ఈ.ఓ. గారు వారం రోజులుగా సాధన చేసిన హిందీ వృథా అయిపోయింది. ఆ బాధలో ఆయన టిఫిన్ దగ్గర మరీ మరీ వడ్డించారు. పడవ నడిపే నాంచారయ్య ఎనిమిదిన్నరకల్లా రేవులో ఉండమన్నాడు. పెసరట్టు, దాని మీద ఉప్మా, ఆ తర్వాత కాఫీ, ఆ తర్వాత ఇంకో కాఫీ. మేం రేవుకు చేరేసరికి పది.

ఎం.ఈ.ఓ. గారు నీళ్ళ వంక చూసి, “అరగంటలో వచ్చేస్తారుగా, నేనిక్కడే ఉండి ఏర్పాట్లు చూస్తాను,” అన్నారు. ఏ ఏర్పాట్లో ఎవరూ అడగలేదు.

నాంచారయ్య గడ చేతబట్టుకుని మమ్మల్ని ఎక్కించుకున్నాడు. “ఎనిమిదిన్నరకి వచ్చుంటే మేట మీద నుంచే పోయేవాళ్ళమండీ. ఇప్పుడు పాటు మొదలైంది, చుట్టూ తిరగాల,” అన్నాడు. పోటంటే సముద్రపు నీరు పాయలోకి ఎక్కడం, పాటంటే దిగిపోవడం. మేట అంటే పాయ మధ్యలో పేరుకున్న బురదదిబ్బ. పోటులో అది మునిగి ఉంటుంది, పాటులో ఏనుగు వీపులా బయటపడుతుంది.

కావేరి మేడం చేతిలో ట్యాబ్ ఉంది. అందులో మ్యాపు, మ్యాపులో మేం ఒక నీలం చుక్క. కాసేపటికి ఆవిడ తలెత్తి, “మనం బడికి దూరంగా వెళ్తున్నాం,” అన్నారు.

“దగ్గర దారి ఇదేనండమ్మా,” అన్నాడు నాంచారయ్య. “మీ ఫోను మేట మీద నుంచి నడవమంటదేమో. అది తడవదు గదా.”

యాభై నిమిషాలు పట్టింది. ఎనిమిది వందల మీటర్లు. నా జీవితంలో మీటర్లు అంత పొడుగ్గా ఎప్పుడూ లేవు.

రేవు ఇంకా కొంత దూరం ఉందనగా లంక మీద గంట మోగింది. గట్టు మీద నిలబడ్డ ఒక పిల్ల లోపలికి పరిగెత్తడం కనిపించింది. దయామణి టీచరు ఎదురొచ్చి, “ఏమనుకోకండి మేడం,” అన్నారు. “ఇక్కడ బెల్లు గడియారాన్ని చూసి కొట్టరు. పాయలో ఆ గుంజ ఉంది చూడండి, పడవ దాన్ని దాటితే కొడతారు. నేను ఎక్కానో లేదో ఇళ్ళలోవాళ్ళకి తెలియాలి గదా. ఇప్పుడు మీ పడవ చూసి మళ్ళీ కొట్టేశారు. ఇవాళ మాకు బడి రెండుసార్లు మొదలైంది.”

బడిలో అయిదు తరగతులూ చుట్టూ నాలుగు గోడలకు ఆనుకుని కూర్చున్నాయి. అయిదో తరగతికి గోడ చాలక మధ్యలో కూర్చుంది. కావేరి మేడం తన పద్ధతి ప్రకారం ఒక ప్రశ్న అడిగారు. ఫారంలో, పిల్లలకు గడియారం చూసి టైము చెప్పడం వచ్చా అని ఒక అంశం ఉంటుంది. గోడ గడియారం ఆగిపోయి ఉంది. అందుకని మాట మార్చి, “ఇవాళ పోటు ఎన్నింటికి?” అని అడిగారు.

గట్టు మీద కనిపించిన పిల్లే లేచింది. పేరు నాగలక్ష్మి, అయిదో తరగతి. “ఎనిమిదింబావుకండి.”

“రేపు?”

“తొమ్మిది మూడుకండి.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పేదేముందండి. నలభై ఎనిమిది కలుపుకోడమే.”

“ఎల్లుండి?”

ఈసారి మూడో తరగతి గోడ మొత్తం చెప్పింది. తొమ్మిది యాభై ఒకటి. ఆ లంకలో కూడికలు నేర్పేది నలభై ఎనిమిదితోనట. పోటు రోజుకు అంత ఆలస్యమవుతుంది కాబట్టి. గంట దాటితే అరవై తీసేయాలని రెండో తరగతిలోనే వచ్చేస్తుంది, రాకపోతే వేటకెళ్ళిన నాన్నకు అన్నం ఎప్పుడు వండాలో అమ్మకు తప్పు చెప్తారు. కావేరి మేడం ట్యాబ్‌లో ఆ అంశం ఎదుట ‘వచ్చు’ అని నొక్కారు.

అంతలో అరగంట గడిచింది. నాంచారయ్య వచ్చి, “ఇప్పుడు లేస్తే సరి, లేకపోతే నేను చెప్పలేనండీ,” అన్నాడు. సరిగ్గా ఆ సమయానికే మేడం, “టీచరు గారూ, మీరు రోజూ ఇలాగే వస్తారా, ఎంతసేపు పడుతుంది?” అని అడిగారు. దయామణి టీచరు బీరువా తెరిచారు.

బీరువాలో పదకొండు లాంగ్ నోటు పుస్తకాలున్నాయి, గోధుమరంగు అట్టలతో. పదకొండేళ్ళ క్రితం ఒక అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడ పడవ ఆలస్యమైంది. ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చారు. ఆవిడ ఒక పేజీలో ఇచ్చారు. అది చాలదేమోనని మర్నాటి నుంచి రోజూ రాయడం మొదలుపెట్టారు. తేదీ, తిథి, ఎక్కిన టైము, దిగిన టైము, చివర ఒక మాట. మెమో ఇచ్చినాయన రిటైరై చాలాకాలమైంది. సంజాయిషీ మాత్రం ఇంకా కొనసాగుతోంది.

నేను ఒక పుస్తకం తిరగేశాను. ‘గాలి. వెనక్కి వచ్చేశాము.’ ‘బురద. దిగి నడిచాము. నాంచారయ్య చెప్పు పోయింది.’ ‘మేట మీద నుంచి. ఇరవై రెండు నిమిషాలు. దేవునికి స్తోత్రం.’ ‘వాయుగుండం. మూడు రోజులు బడి లేదు. నాలుగోరోజు పద్నాలుగురూ ఉన్నారు.’ ఒక్క పనిరోజూ ఖాళీ లేదు. కాలేజీలో మాకు టైమ్ సిరీస్ అని ఒక పాఠం ఉండేది, ఒకే విషయాన్ని క్రమం తప్పకుండా ఏళ్ళ తరబడి కొలుస్తూ పోతే వచ్చే లెక్క. అలాంటిది దొరకడం ఎంత కష్టమో మా లెక్చరర్ చాలాసార్లు చెప్పారు. అలాంటి లెక్క, ఆలస్యంగా వచ్చినందుకు మందలింపు తిన్న ఒక ప్రాథమిక బడి టీచరు బీరువాలో దొరుకుతుందని చెప్పలేదు. నేను ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నానని కాసేపటికి గమనించాను.

మేం తలెత్తేసరికి పడవ బురదలో కూర్చుంది. నాంచారయ్య దాని నీడలో పడుకున్నాడు. ఇక మూడున్నర, నాలుగు దాకా కదిలే పని లేదు.

మధ్యాహ్నం పిల్లలతోపాటే తిన్నాం. బియ్యం ఢిల్లీవి, గుడ్డు రాష్ట్రానిది, వండింది లంక ఆడవాళ్ళు. పులుసు ఎవరి పరిధిలోకి వస్తుందో తెలియదు గానీ చాలా బావుంది. తింటూ కావేరి మేడం అడిగారు. “టీచరు గారూ, నిజంగా చెప్పండి. మా ఢిల్లీ వాళ్ళం ఇలా బడుల్లోకి తలదూర్చడం మీకు ఉపయోగమా, తలనొప్పా?”

నేను మా ఎం.ఈ.ఓ. గారి సమాధానం ఊహించుకున్నాను. దయామణి టీచరు ఇంకోటి చెప్పారు.

“నేను రాకముందు ఇక్కడ బడి లేదండీ. పిల్లలకి కిలోమీటరు లోపల బడి ఉండాల్సిందేనని ఢిల్లీ చట్టం చేశాకే నన్ను ఇక్కడ వేశారు. అంతకుముందు ఎంతమంది అడిగారో, ఎన్ని అర్జీలు పెట్టారో వీళ్ళ తాతల్నడగండి. ఇక్కడున్న వాళ్ళం ఒకళ్ళనొకళ్ళం ఎరుగుదుం గదా, మొహమాటాలుంటాయి, వాయిదాలుంటాయి. ఢిల్లీకి మేం తెలియం. తెలియదు గాబట్టే అందరికీ కిలోమీటరు అంది. అందులో మేమూ పడ్డాం.” ఆవిడ పక్కనున్న ఒకటో తరగతి పిల్లకు గుడ్డు ఒలిచిచ్చి మళ్ళీ అందుకున్నారు. “ఇప్పుడదే కిలోమీటరు పేరు చెప్పి తీసేస్తున్నారు. ఢిల్లీని తప్పుకోమని నేను అననండీ. తప్పుకుంటే మమ్మల్ని అడిగేవాళ్ళే ఉండరు. అడిగేటప్పుడు ఇంకొక్క మాట అడగమంటున్నానంతే. ఫారంలో ఒక కాలమ్ పెట్టించండి.”

“ఏ కాలమ్?”

“పడవది.”

కావేరి మేడం కనుబొమ్మలు ముడిచారు. “ఉండాలే,” అన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి ట్యాబ్‌లో ఖాళీ ఫారం తెరిచారు. రోడ్డు ప్రశ్న దగ్గరకు వెళ్ళి ‘లేదు’ నొక్కారు. ఎర్ర చుక్కలతో మూడు గళ్ళు తెరుచుకున్నాయి. నేను ఏడేళ్ళ తర్వాత వాటిని మళ్ళీ చూశాను. చదవడం మాత్రం అదే మొదటిసారి.

మొదటి గడి: బడికి చేరే సాధనం. నొక్కితే జాబితా వచ్చింది. నడక. పడవ. పశువు మీద ప్రయాణం. తాడు వంతెన. ఇతరం.

రెండో గడి: ఏడాదిలో దారి మూతపడే రోజులు.

మూడో గడి: సమీపంలోని మరో బడికి పట్టే సమయం, నిమిషాల్లో.

ఆ జాబితా నేను మళ్ళీ చదివాను. తాడు వంతెన. అంటే ఢిల్లీలో ఎవరో ఒకాయన, లేదా ఒకావిడ, ఏసీ గదిలోనే అనుకుందాం, కుర్చీలో కూర్చుని, కొండవాగు మీద తాడు పట్టుకుని బడికి వెళ్ళే ఒక పిల్లను మనసులో చూశారు. మంచులో కంచరగాడిద మీద వెళ్ళేవాణ్ణి చూశారు. పడవలో పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లనూ చూశారు. పేరు తెలియదు, ఊరు తెలియదు, కృష్ణ ఎక్కడ చీలుతుందో తెలియదు. అయినా నాగలక్ష్మి వాళ్ళ లెక్కలో ఉంది. ఆమెకు ఒక గడి కేటాయించి, నింపమని నాకు పంపారు. లంకకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో కుర్చీలో కూర్చుని ఆమెను చూడనివాణ్ణి నేను.

“ఈ బడి ఎంట్రీ ఎవరు చేశారు?” అన్నారు కావేరి మేడం. కోపంగా కాదు. పేజీ అడుగున పేరు ఉంటుందని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు.

“నేనేనండీ.”

దయామణి టీచరు నా వంక తిరిగారు. “కాలమ్ లేదన్నారుగా ప్రసాదు గారూ.”

“చూడలేదండీ.”

పద్నాలుగురు పిల్లలు తినడం ఆపి చూస్తున్నారు.   టీచరు గారు, “పిల్లలు చూడకుండా రాస్తే నేను మళ్ళీ రాయిస్తాను,” అన్నారు. నాలుగో తరగతి గోడ దగ్గర కొంచెం జరిగి నాకు చోటిచ్చారు. “పోటు వచ్చేలోపల అయిపోతుంది. కూర్చోండి.”

కూర్చున్నాను.

పని పంచింది ఆవిడే. రెండో గడికి, దారి మూతపడిన రోజులు లెక్కపెట్టడం మూడో తరగతికి. మూడో గడికి, ఎక్కిన టైము దిగిన టైములోంచి తీసేయడం నాలుగో తరగతికి. నేనూ అందులోనే. కలిపి భాగించడం అయిదో తరగతికి. అయిదో తరగతి అంటే నాగలక్ష్మి, ఇంకో ఇద్దరు. ఒకటి, రెండు తరగతులు మౌనంగా ఉండాలి, అది అన్నిటికన్నా కష్టమైన పని. కావేరి మేడం గడప మీద కూర్చుని చూస్తున్నారు.

నేను నా వంతు నెల పూర్తిచేసి కాయితం ఇచ్చాను. నాగలక్ష్మి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

“సార్, ఇది తప్పండి.”

“తప్పు కాదమ్మా. తీసివేత చూసే చేశాను.”

“ఆ రోజు అష్టమండి. అష్టమి నాడు ఇరవై రెండు నిమిషాల్లో రారు. అష్టమికి పోటు చిన్నది, మేట మునగదు. చుట్టూ తిరగాల్సిందే. మీరు పై గీత చూసి రాశారు.”

పుస్తకం తెరిచి చూశాను. పై గీతే. మా పోర్టల్‌లో వ్యాలిడేషన్ రాయడానికి ఇంజనీర్లు ఉంటారు. పదేళ్ళ పిల్ల చంద్రుణ్ణి పెట్టుకుని నన్ను వ్యాలిడేట్ చేసింది. దిద్దుకుని ఇచ్చాను.

మొత్తం మీద సగటు నలభై ఏడు నిమిషాలు వచ్చింది. నేను గర్వంగా ప్రకటించాను. నాగలక్ష్మికి నచ్చలేదు.

“నలభై ఏడు ఏ రోజూ పట్టదు సార్. మేట మునిగితే పాతికలోపు. లేకపోతే గంట పైన. ఇవాళ మీకు యాభై పట్టిందంటే ఏదో మధ్యలో వచ్చారు గాబట్టి.”

రెండు కొండల మధ్య లోయను చూపించి అదే కొండ అనడం లాంటి పొరపాటు అది. దీనికి స్టాటిస్టిక్స్‌లో ఒక పేరుంది. నేను రెండో సంవత్సరం పరీక్షలో దాని మీద పది మార్కుల సమాధానం రాశాను, తొమ్మిది వచ్చాయి. అర్థమైంది మాత్రం ఆ రోజే, నాలుగో తరగతి గోడకు ఆనుకుని.

గడిలో ఒకే అంకె పడుతుంది. ఏది రాయాలి? కావేరి మేడం టీచరునే అడిగారు.

“పిల్లని పంపే తల్లి ఏ రోజు చూసుకుంటుందండీ?” అన్నారు దయామణి టీచరు. “మంచి రోజు చూసుకోదు. చెడ్డ రోజు చూసుకుంటుంది.”

అరవై అయిదు అని రాశాం. దారి మూతపడిన రోజులు ముప్పై ఒకటి. సాధనం, పడవ. పాయలో నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు వినపడింది. నాంచారయ్య లేచి తలపాగా దులుపుకుంటున్నాడు. వెళ్ళేటప్పుడు కావేరి మేడం పదకొండు పుస్తకాల అట్టలూ ఒక్కొక్కటీ ఫొటో తీసుకున్నారు.  పడవ గుంజ దాటాక, “ఆ తాడు వంతెన పెట్టింది ఎవరో నాకూ తెలియదండీ,” అన్నారు. “నేను చేరేసరికే ఉంది.”

మర్నాడు సాయంత్రం అయిదింటికి ఫ్రీజ్. పాత జవాబు మార్చాలంటే తప్పు ఎందుకు జరిగిందో ఒక గడిలో రాయాలి. ఎం.ఈ.ఓ. గారు నా భుజం మీద నుంచి చూస్తున్నారు. “టెక్నికల్ ఎర్రర్ అని కొట్టవయ్యా. దేశమంతా అదే రాస్తారు. నీ కాంట్రాక్టు రెన్యువల్ మార్చిలో ఉంది, గుర్తుంచుకో.”

గుర్తుంది. ‘చూడకుండా నొక్కాను’ అని కొట్టాను. మూడు గళ్ళూ నింపాను. ఎర్ర చుక్కలు పోయాయి, పేజీ కదిలింది. ఎం.ఈ.ఓ. గారు తెర మీదికి వంగి, “ఢిల్లీ వాడు పడవ సంగతి అడిగాడంటావా,” అన్నారు. అడిగాడండీ అన్నాను. “ఎప్పట్నుంచి?” మొదట్నుంచీనండీ అన్నాను. ఆయన టీకి కబురు పెట్టారు. ఆ రోజు టీ దగ్గర ఢిల్లీ ఎంతవరకు రావచ్చన్న చర్చ జరగలేదు.

తర్వాతి జాబితాలో లంక బడి పేరు లేదు. బడి లంకలోనే ఉంది, నాగలక్ష్మి ఇప్పుడు ఒడ్డు మీది హైస్కూల్లో చదువుతోంది, గట్టు మీద నిలబడి గంట కొట్టే పని ఇంకొకరికి అప్పజెప్పింది. నా రెన్యువల్ మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. దానికన్నా ముందు మచిలీపట్నం నుంచి మెమో వచ్చింది. ఏడేళ్ళపాటు తప్పు సమాచారం ఇచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

ఆ సంగతి ఎలా తెలిసిందో, దయామణి టీచరు ఆఫీసుకు వచ్చారు. అదే గొడుగు, అదే బురద. సంచీలోంచి గోధుమరంగు అట్ట ఉన్న లాంగ్ నోటు పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టారు. తనకోసం కొనుక్కున్నదట.

“మెమో వచ్చిందటగా. ఒక పేజీలో రాసేస్తే సరిపోతుందనిపిస్తుంది మొదట్లో,” అన్నారు. “సరిపోదండీ.”

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఏమిటని ఎవరైనా అడిగితే ఆ పుస్తకం చూపిస్తాను. అడగడం ఢిల్లీ పని. ఎక్కడో ఉన్నవాళ్ళు, మనల్ని ఎరగనివాళ్ళు, ఎరగరు గనకే ఎవర్నీ వదలకుండా అడగగలరు. అది చిన్న పనని నేను ఇప్పుడు అనుకోను. వెళ్ళి చూసి చెప్పడం మాత్రం ఇక్కడున్నవాడి పని. ఇప్పుడు మా మండలంలో ప్రతి బడికీ ఏడాదికోసారి నేనే వెళ్తాను, వచ్చాకే జవాబు నొక్కుతాను. పుస్తకం మొదటి గీతలో దయామణి టీచరు పద్ధతిలోనే తేదీ, తిథి, ఎక్కిన టైము, దిగిన టైము ఉన్నాయి. చివరి గడిలో ఇలా ఉంది: ‘లంక బడి. రోడ్డు లేదు. చూశాను.’